జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు

మా వియ్యంకుడు నర్సయ్య గారింట్లో పంచదార ఉండదు. డబ్బా ఖాళీ అయింది, రేపు తెచ్చుకుందాంలే అనుకోవడం కాదు. పంచదార అన్నది ఆ గడప తొక్కడానికి వీల్లేదు. ఏదో పథ్యం పాటిస్తున్నారులే అని మొదట్లో నేనూ గౌరవించాను. ఈ మే నెలలో వాళ్ళతో కలిసి కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగొచ్చాక ఆ గౌరవం కాస్తా పోయింది. ఆ దారిలో మా వియ్యపురాలు లచ్చవ్వకు ప్రాణం మీదికి వచ్చింది. ఆరు చెంచాల పంచదారతో నిలబడే ప్రాణం అది. అది ఇవ్వడానికి మొగుడికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పుకురావాలి.

నేను గుంటూరు మనిషిని. కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయిని నర్సయ్య గారి పెద్దబ్బాయికి ఇచ్చాం. ఇప్పుడు వాళ్ళ చిన్నబ్బాయి పెళ్ళి. చుట్టాలను పిలవడానికి వెళుతూ "మీరు గూడ రాండ్రి వదినా, మా దిక్కు జూసినట్టుంటది" అంది లచ్చవ్వ. నేను సరేనన్నాను. మావారు మాత్రం ఎండలని చెప్పి ఇంట్లోనే కూర్చున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటి.

కరీంనగర్

నర్సయ్య గారిది కరీంనగర్ పక్కన మరమగ్గాల ఊరు. ఇంటి ముందు రేకుల షెడ్డులో నాలుగు మగ్గాలు పొద్దస్తమానం టకటకలాడుతూ ఉంటాయి. ఆ మోతలో మాట్లాడి మాట్లాడి ఇంటిల్లిపాదికీ గొంతు పెద్దదైపోయింది. పక్కన కూర్చున్న మనిషికి కూర వేయించుకొమ్మని చెప్పినా పొలంలో ఉన్నవాణ్ణి కేకేసినట్టే ఉంటుంది.

వెళ్ళగానే టీ ఇచ్చారు. ఒక గుక్క తాగి, ఎప్పటిలాగే చప్పగా ఉంటే, లచ్చవ్వ వంక చూశాను. ఆవిడ నేల వంక చూసింది. జవాబు నర్సయ్య గారే చెప్పారు.

"మా ఇంట్ల షక్కర బంద్ చెల్లె. మా అవ్వకు షుగరొచ్చి కాలు తీసేసిన్రు. కాలు పొయ్యినంక మనిషి గూడ ఎక్కువ రోజులు ఉండలే. అవ్వ దినాల నాడు అందరి ముంగట లచ్చి నెత్తిమీద చెయ్యివెట్టి ఒట్టేసిన. ఇగ మా నోట్లెకు షక్కర పోదు, పోతె గీమె సచ్చినట్టే అన్న."

అవ్వ అంటే వీళ్ళ మాటలో అమ్మ. ఆయనకు షుగర్ లేదు. లచ్చవ్వకూ లేదు. ఏటా పరీక్ష చేయించుకుంటారట, ఏటా ఏమీ లేదనే వస్తుందట. మరి ఈ శిక్ష ఎందుకని అడిగాను.

"ముట్టలే గనుకనే రాలే!" అన్నారు, కేసు గెలిచిన వకీలులాగా.

అప్పుడు భోజనాలు వడ్డించారు. నర్సయ్య గారి కంచంలో అన్నం గోపురంలా లేచింది. అది కరిగాక ఇంకోటి లేచింది. పచ్చిపులుసు పోసుకుని, వేళ్ళు నాక్కుంటూ, పంచదార ఎంత విషమో నాకు బోధించారు. పడుగుకు గంజి పెడితే దారం ఎలా బిరుసెక్కుతుందో, రక్తంలో షక్కర చేరితే నరాలు అలాగే బిరుసెక్కుతాయట. నేత పని తెలిసిన మనిషి కదా, ఆయన ఒళ్ళు ఆయనకు మగ్గంలానే కనపడుతుంది.

"ఆ గంజి కూడా పంచదారే అన్నయ్యగారూ. మీరిప్పుడు తిన్న అన్నమూ అంతే. గొలుసులుగా అల్లుకున్న పంచదార. పేగులో ఆ గొలుసులు తెగి విడివిడి పంచదార అవుతుంది" అన్నాను.

"గంజి తియ్యగుంటదా చెల్లె?" అని ఆయన పకపకా నవ్వారు. షెడ్డులో పనివాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళకు నా మాట వినపడి ఉండదు, ఆయన నవ్వు వినపడి ఉంటుంది.

ఊరుకోవడం నాకు చేతకాదు. విషయం విడమరిచి చెప్పాను. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో చేసిన పలచటి గోడ ఉంటుంది. పంచదార నీళ్ళలో కరిగేదే కానీ కొవ్వులోంచి దూరేది కాదు. అందుకని ఆ గోడలో ప్రోటీన్లతో చేసిన తలుపులు ఉంటాయి. కండల్లో ఈ తలుపులు చాలా వరకు లోపలే దాచి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి పిలిస్తే గోడ దగ్గరికి వస్తాయి, పంచదారను లోపలికి తీసుకుంటాయి. ఆ పిలుపు తగ్గినా, పిలిచినా లోపలివాళ్ళు వినిపించుకోకపోయినా పంచదార వీధిలో, అంటే రక్తంలో, నిలబడిపోతుంది. అదీ షుగర్ జబ్బు. జబ్బున్నవాళ్ళు తీపి తగ్గించుకోవాల్సిందే. అంతమాత్రాన జబ్బు లేనివాళ్ళకు చెంచాడు పంచదార విషం కాదు.

"మంచిగ చెప్పిన్రు" అన్నారు నర్సయ్య గారు, ఎంతో మర్యాదగా. అని, ప్రయాణానికి సీసాలో నీళ్ళు పోసి అందులో ఉప్పు వేసుకున్నారు. ఎండాకాలం ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు దగ్గర పెట్టుకోమని ఎవరో డాక్టరు ఎప్పుడో చెప్పాడట. అందులోంచి పంచదార తీసేసి మిగతా సగం వైద్యం ఈయన భద్రంగా పాటిస్తున్నారు.

శ్రీరాంపూర్

మొదటి పిలుపు శ్రీరాంపూర్లో నర్సయ్య గారి చెల్లెలు రాజవ్వకు. ఆవిడ భర్త బొగ్గు గనిలో పనిచేస్తాడు. కంపెనీ క్వార్టర్లు, ఒకే రంగు, ఒకే ఎత్తు. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి తెల్లగా ఉండదు. క్వార్టర్ల గేటు దగ్గర ఒకాయన షుగర్‌ను మాయం చేసే ఆకు అమ్ముతున్నాడు. కట్ట ముప్పై రూపాయలు. నమిలి మింగితే సూదులు, మాత్రలు అక్కర్లేదట. దాన్ని నమ్మి సూది మానేసినవాళ్ళ గతి ఏమిటని అడిగితే నాకేసి కాకుండా ఆకాశంకేసి చూశాడు. నర్సయ్య గారు, షుగర్ లేని మనిషి, రెండు కట్టలు కొన్నారు.

గుమ్మంలోకి వెళ్ళగానే చెంబుతో నీళ్ళిచ్చారు, కాళ్ళు కడుక్కోవడానికి. ఇది నాకు నచ్చింది. మా వైపు ఇప్పుడు కాళ్ళకు నీళ్ళు ఇవ్వడం పోయింది, చెప్పులు ఎక్కడ విడవాలో చూపిస్తున్నారు. లచ్చవ్వ ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళింది. నర్సయ్య గారికి తొందరెక్కువ. సంచిలోంచి పసుపు పెట్టిన కార్డు తీసి చెల్లెలి ముందు చాపారు.

రాజవ్వ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఏందన్నా, ఒక్కనివే ఇస్తున్నవా? వదిన ఏది? జంట లేని పిలుపు నేను తీసుకోను."

"అరె, పెరట్లనే ఉన్నది. వస్తది గద!"

"వచ్చినంకనే ఇయ్యి. గప్పటిదాంక గా కార్డు నీ చేతులనే ఉంచుకో."

ఆ ఎండలో పడి వచ్చిన అన్నను అలాగే నిలబెట్టింది. లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి కార్డు రెండో అంచు పట్టుకున్నాకే రాజవ్వ చేతులు ముందుకొచ్చాయి. మా గుంటూరులో ఆడవాళ్ళం కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేస్తాం. మగవాడి పని స్కూటరు నడపడమే. ఇక్కడ ఎవరు ఒక్కరు వచ్చినా ఆ పిలుపు పిలుపు కాదు. చాదస్తం అనుకున్నాను, పైకి అనలేదు.

పిలుపు అందుకున్నవాళ్ళు పిలిచినవాళ్ళ నోట్లో పంచదార పెట్టి తీపి చేయడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. ఈ దంపతులకు మాత్రం పుట్నాలు పెడతారు. రాజవ్వ అన్నకు పుట్నాలు పెట్టి, నా నోట్లో పంచదార పోసింది. లచ్చవ్వ తన పుట్నాలు నములుతూ నా నోటి వంకే చూసింది.

బెల్లంపల్లి

బెల్లంపల్లి పాత బొగ్గు ఊరు. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ రోడ్డు మీద నడవడానికి చోటుండేది కాదని నర్సయ్య గారి మేనమామ చెప్పాడు. ఇప్పుడు అదే రోడ్డు మీద కుక్కలు కాళ్ళు బారజాపుకుని పడుకుంటున్నాయి. ముసలాయన మాకు మటన్, జొన్నరొట్టె పెట్టించాడు. ఇంత మెత్తటి జొన్నరొట్టె నేనెక్కడా తినలేదు. ఈ యాత్రలో నేను వంక పెట్టలేనిది అదొక్కటే, కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

సాయంత్రం బస్టాండు దగ్గర చెరుకురసం బండి కనపడింది. నేనొక గ్లాసు తీసుకున్నాను. లచ్చవ్వ గ్లాసు వంక చూసి మెల్లిగా అడిగింది.

"ఎట్లున్నది వదినా?"

"బాగుంది. అల్లం వేశాడు."

"అల్లమేస్తె మంచిగుంటది. మా అత్త ఉన్నప్పుడు తాగేది నేను."

నర్సయ్య గారు అది విని ఎక్కడ చెయ్యి చాపుతుందోనని పక్క బండికి పరుగెత్తి కీరదోస ముక్కలు తెచ్చారు, ఉప్పూ కారం చల్లించి. ఆ బండివాడు ముక్కల మీద చల్లే నీళ్ళున్న బకెట్లోనే కత్తి కడుగుతున్నాడు, చేతులూ కడుగుతున్నాడు. వద్దని చెప్పాను. "షక్కర లేదు గద చెల్లె, ఏం ఫికర్ లేదు" అన్నారు. ఈయన దృష్టిలో లోకంలో చెడ్డది ఒకటే. అది లేకపోతే బకెట్లో ఏమున్నా ఫరవాలేదు.

ఆయన అన్నీ ఆవిడకే ఇచ్చారు, నేను ముట్టలేదు. లచ్చవ్వ పొట్లం మొత్తం తింది.

జన్నారం దారి

మర్నాడు ఖానాపూర్ ప్రయాణం, లచ్చవ్వ తమ్ముడు భూమయ్య ఇంటికి. తెల్లారేసరికే ఆవిడకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆగుదామని నేనన్నాను. పెళ్ళి దగ్గర పడుతోంది, పిలుపులు మిగిలిపోతాయని ఆవిడే లేచి చీర కట్టుకుంది.

బస్సు అడవిలోకి వెళ్ళేసరికి వాంతులు మొదలయ్యాయి. కండక్టరు మంచివాడు, అడిగిన చోటల్లా ఆపాడు. నేను చీర అడ్డం పట్టుకుని నిలబడ్డాను. ఎక్కిన ప్రతిసారీ నర్సయ్య గారు ఉప్పునీళ్ళు పట్టించారు. అవి వాంతయితే ఉప్పు చాల్లేదనుకుని ఇంకో చిటికెడు కలిపారు. మళ్ళీ వాంతయితే మళ్ళీ కలిపారు. చివరికి ఆ సీసాలో మామిడికాయ ఊరేయొచ్చు.

జన్నారంలో బస్సు ఆగితే దిగి మందుల దుకాణంలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొన్నాను. నర్సయ్య గారు ఒకటి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, వెనక రాసింది చదివారు. చదువుకున్న మనిషి. అదే మా ఖర్మ.

"గ్లూకోజ్ అని రాసున్నది. గదంటె షక్కరే గద?"

"షక్కరే. ఉండాలి కనుకనే వేశారు."

బస్సు కదలగానే ప్యాకెట్లన్నీ కిటికీలోంచి విసిరేశారు. నేను అరిచాను. ఆయనా అరిచారు. మరమగ్గాల గొంతు ముందు నా పాఠాల గొంతు ఏం చాలుతుంది? వెనక సీట్లో ఒక ముసలమ్మ "ఒట్టంటె ఒట్టే బిడ్డా, ఆటనా?" అని ఆయన్ను మెచ్చుకుంది. బస్సంతా తల ఊపింది. ఒక మనిషి ఎండిపోతూంటే నలభై మంది కలిసి ఒట్టును కాపాడారు.

ఖానాపూర్

భూమయ్య ఇంటికి చేరేసరికి లచ్చవ్వ నడవలేకపోయింది. తమ్ముడే ఎత్తుకుని వసారాలో మంచం మీద పడుకోబెట్టాడు. కళ్ళు లోపలికి పోయాయి. నాలుక పిడచగట్టింది. చేతి మీద చర్మం పట్టి లాగితే అలాగే నిలబడింది. పిక్కలు పట్టేస్తున్నాయని మూలిగింది. పొద్దుటి నుంచీ ఒంటేలుకు వెళ్ళలేదు. భూమయ్య ఆసుపత్రికి ఆటో తేవడానికి పరుగెత్తాడు. అతని భార్యను అడిగి టీ డబ్బాలోంచి పంచదార తీసుకున్నాను. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు, సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కలిపి గ్లాసు నోటి దగ్గర పెట్టాను.

లచ్చవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది. "వద్దు వదినా. ఆయన ఒట్టు వెట్టిండు."

నర్సయ్య గారి మీద విరుచుకుపడ్డాను. మీ మొండితనానికి ఈ మనిషిని బలిపెడతారా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ రాస్తే మా అమ్మాయి చదువుతుంది. ఆయన ఈసారి అరవలేదు. మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డారు.

"ఎట్ల ఇయ్యాలె చెల్లె? గీమె నెత్తిమీదనే వేసిన గద ఒట్టు. నా కండ్ల ముంగట గా నీళ్ళు తాగి ఏమన్న అయితె, నా పెండ్లాన్ని నేనే సంపుకున్నట్టు గాదా?"

అప్పటిదాకా అది మొండితనమే అనుకున్నాను. ఆయనకది భయం. తల్లిని పోగొట్టుకున్న భయంతో పెళ్ళాం తల మీద కాపలా పెట్టుకున్నారు. ఇవ్వకపోతే జబ్బు చంపుతుంది, ఇస్తే ఒట్టు చంపుతుంది. మధ్యలో ఇరుక్కున్న మనిషికి నేను ప్రోటీన్ల గురించి ఏం చెప్పను? నాకు ఏడుపొచ్చింది. అప్పుడు రాజవ్వ గుర్తొచ్చింది.

"అన్నయ్యగారూ, శ్రీరాంపూర్లో మీరు ఒక్కరూ కార్డు ఇస్తే మీ చెల్లెలు తీసుకుందా?"

"తీసుకోలే."

"ఎప్పుడు తీసుకుంది?"

"లచ్చి వచ్చినంక."

"పేగు గోడలో ఉండే తలుపు కూడా రాజవ్వ లాంటిదే. ఇది నేను మొన్న చెప్పిన ఇన్సులిన్ తలుపు కాదు, వేరేది. ఉప్పు ఒక్కటే వస్తే ఇది చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. పంచదార ఒక్కటే వచ్చినా అంతే. రెండూ జంటగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది. ఆ జంట లోపలికి వెళితే వాటి వెనకే నీళ్ళు వెళతాయి. విరేచనాల్లో మిగతా దారులు పాడైనా ఈ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. మీరు పొద్దుటి నుంచీ జంట లేని పిలుపు పంపుతున్నారు. ఉప్పు గుమ్మంలోనే నిలబడిపోయింది, నీళ్ళు కిందికి పోతున్నాయి."

ఆయన గ్లాసు వంక చూశారు. "గంతేనా? జంట లేకనా?"

"అంతే."

నర్సయ్య గారు లేచారు. లచ్చవ్వ తల మీద చెయ్యి పెట్టారు. "లచ్చీ, నీ నెత్తిమీది ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న" అని చెయ్యి పైకెత్తి గాల్లో దులిపారు. మళ్ళీ అదే చెయ్యి తన నెత్తిన పెట్టుకున్నారు. "ఏమన్న అయితె నాకే గానీ" అన్నారు. తర్వాత గ్లాసు నా చేతిలోంచి లాక్కుని చెంచాతో కొంచెం కొంచెంగా తనే పట్టించారు. మొదట్లో కొంత కక్కింది. కాసేపాగి మళ్ళీ పట్టించారు. ఆటో వచ్చేదాకా, ఆటోలోనూ ఆ చెంచా ఆగలేదు. గతుకుల్లో ఆయన చొక్కా తడిసి, పంచదారకు ఈగలు ముసిరాయి. తోలుకోలేదు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. డాక్టరమ్మ ఉప్పు సీసా వాసన చూసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, నర్సయ్య గారిని వార్డంతా వినపడేలా తిట్టింది. నాకంటే బాగా తిట్టింది. దారిలో పట్టించిన నీళ్ళు కూడా లేకపోతే మూత్రపిండాల దాకా వచ్చేదని చెప్పింది. పొద్దుగూకేలోపు లచ్చవ్వ ఒంటేలుకు లేచింది. కొడుకు పెళ్ళి కుదిరిన రోజున కూడా నర్సయ్య గారి ముఖంలో అంత సంతోషం చూసి ఉండరు ఎవరూ.

ఆదిలాబాద్

ఆవిడ కోలుకునేదాకా భూమయ్య ఇంట్లోనే ఉండి ఆదిలాబాద్ వెళ్ళాం. నర్సయ్య గారి అన్న ఇల్లు. అక్కడివాళ్ళ మాటలో మరాఠీ కలుస్తుంది, టీలో పంచదార మరీ ఎక్కువగా కలుస్తుంది. నేను రెండు కప్పులు తాగాను.

భార్యాభర్తలిద్దరూ చెరో అంచూ పట్టుకుని కార్డు ఇచ్చారు. తోడికోడలు అందుకుని, అలవాటు ప్రకారం పుట్నాల పళ్ళెం తెచ్చింది.

"మీ ఇంట్ల షక్కర లేదా అక్కా?" అంది లచ్చవ్వ.

నర్సయ్య గారు గొంతు సవరించుకున్నారు. "లచ్చీ, గది ఆపతిల ఇచ్చింది. మందు లెక్క. ఇప్పుడు మంచిగనే ఉన్నవు గద. మళ్ళ ఒట్టు…"

"ఎవరి నెత్తిమీద?" అంది లచ్చవ్వ. గొంతు పెంచలేదు. ఆ కుటుంబంలో గొంతు పెంచకుండా పోట్లాడిన మనిషిని నేను అప్పుడే చూశాను. "నెత్తి నాది. ఒట్టు వెట్టేటప్పుడు నన్ను అడిగినవా? తీసేటప్పుడన్న అడిగినవా? గిన్నేండ్ల సంది సప్పటి చాయ్ తాగుతున్న. నీకు భయమని ఊకున్న. బస్సుల పాణం పోతుంటె గూడ నీ భయమే జూసిన."

తోడికోడలు పంచదార గిన్నె తెచ్చింది. లచ్చవ్వ చిటికెడు తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, కరిగేదాకా అలాగే కూర్చుంది. తర్వాత ఇంకో చిటికెడు తీసి మొగుడి నోటి ముందు పెట్టింది.

"పిలుపు జంటగ ఇస్తిమి. గిది గూడ జంటగనే."

ఆయన నా వంక చూశారు. ఒట్టు ఇప్పుడు ఆయన నెత్తిమీదే ఉంది మరి. నేను గోడ మీద గడియారం వంక చూశాను. లచ్చవ్వ చెయ్యి కదల్లేదు.

నర్సయ్య గారు నోరు తెరిచారు.